పాపకి చర్మం బాగైపోయింది, జింక్ ఆపేయొచ్చా?

చిన్ని అమ్మ:
మా పాపకి 14 నెలలు. పదో నెలలో పాలు మాన్పించిన మూడు వారాలకి నోటి చుట్టూ, పిర్రల దగ్గర, వేళ్ల చివర ఎర్రగా పొక్కి చెక్కు కట్టింది. విరేచనాలు ఒకపక్క, పొద్దున లేస్తే దిండు నిండా జుట్టు. రెండు నెలలు ఫంగస్ క్రీములే రాశాం. చివరికి ఒక స్కిన్ డాక్టర్ గారు రక్తంలో జింక్ పరీక్ష చేయించి, ఇది ఆక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా, అంటే తిండిలోని జింక్ ఒంటికి పట్టని జబ్బు అన్నారు. వంశపారంపర్యంగా వచ్చేదట, మాది మేనరికం. జింక్ మొదలుపెట్టాక నాలుగో రోజుకే ఏడుపు తగ్గింది, ఇప్పుడు ఒంటి మీద మచ్చ కూడా లేదు. మా అత్తయ్యేమో ఇంకా మందులెందుకు, గుమ్మడి గింజలు పొడి చేసి పెట్టు చాలంటున్నారు. ఆపొచ్చా?

గోదారబ్బాయి:
వద్దమ్మా, ఆపకండి. మా వాడికి తొమ్మిదేళ్లు, ఇదే జబ్బు. రెండేళ్లప్పుడు బాగైపోయాడు కదా అని మేమూ ఆపాం, కొన్ని వారాల్లోనే నోటి మూలల్లో మొదలై మళ్లీ మొదటికొచ్చింది. పేగు గోడలోంచి జింక్‌ని లోపలికి తీసుకునే ప్రోటీనే పుట్టుకతో సరిగ్గా లేదు, అందుకని తిండిలో ఉండే కొంచెం జింక్ వీళ్లకి సరిపోదు. ఎక్కువ మోతాదులో ఇస్తే వేరే దారుల్లో కాస్త లోపలికి వెళ్తుంది, అంతే కిటుకు. జీవితాంతం వాడాల్సిందే. గింజలు పెట్టుకోండి, మందు బదులు మాత్రం కాదు.

మందులషాపు_రవి:
మామూలుగా కిలో బరువుకి రోజుకి 3 మి.గ్రా. దగ్గర మొదలుపెడతారు, అదీ ఎలిమెంటల్ జింక్ లెక్క. జింక్ సల్ఫేట్ బరువు వేరు, అందులో ఉండే జింక్ బరువు వేరు, సీసా మీద ఏది రాశారో చూడండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. పాప బరువు పెరిగే కొద్దీ డోసు మారుతుంది, అది డాక్టరే మార్చాలి. మల్టీవిటమిన్ డ్రాప్స్‌లో ఉండే జింక్ ఏ మూలకీ చాలదు. ఐరన్ సిరప్ వాడుతుంటే రెండూ ఒకే పూట వేయకండి. ఇంకోటి, జింక్ ఎక్కువైతే ఒంట్లో రాగి (కాపర్) తగ్గిపోతుంది. రక్తపరీక్షలో జింక్‌తో పాటు కాపర్ కూడా చూడమని అడగండి.

చిన్ని అమ్మ:
థాంక్సండీ. మాకు 20 మి.గ్రా. మాత్ర రాశారు, విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులిస్తారే, అదే. అందుకే అత్తయ్య 14 రోజులకే ఆపేయాలి అనుకున్నారట! పరగడుపున వేస్తే కక్కేస్తోంది, ఏం చేస్తున్నారు?

గోదారబ్బాయి:
మేం రెండు ముద్దలు తినిపించాక చెంచాడు నీళ్లలో కరిగించి పట్టేవాళ్లం. వాంతి ఆగకపోతే డాక్టర్‌ని అడిగి రెండు పూటలకి పంచండి.