కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కారడం లేదు: హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

నమస్కారమండీ. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. మా 2014 మోడల్ పెట్రోల్ కారులో కూలెంట్ మెల్లగా తగ్గిపోతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి చూశాను, తెల్లారేసరికి పొడిగానే ఉంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

అసలు టెన్షన్ హెడ్ గ్యాస్కెట్ గురించి, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే సీలు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పైగొట్టం పట్టుకుంటే, అది వేడెక్కకముందే గట్టిగా బిగుసుకుంటోంది. కూలెంట్ ట్యాంకులో సన్నటి బుడగలు ఆగకుండా వస్తున్నాయి. ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంది, పాలు పోసిన కాఫీలా మారలేదు. కానీ గ్యాస్కెట్ సిలిండర్‌కీ నీళ్లదారికీ మధ్య తెగితే ఆయిల్‌లోకి నీళ్లు రాకపోవచ్చు కదా, అందుకే ధైర్యం చాలడం లేదు.

మెకానిక్ ఏ పరీక్షా చేయకుండానే హెడ్ దించేద్దామంటున్నాడు. అది నాకు నచ్చలేదు. హెడ్ దించితే లేత్ పని, కొత్త బోల్టులు, బోలెడు ఖర్చు. ముందు బ్లాక్ టెస్ట్ చేయించాలని ఉంది: ట్యాంకు మూతి దగ్గరి గాలిని నీలం ద్రవం గుండా లాగితే, అందులో ఇంజిన్‌లో మండిన వాయువు ఉంటే రంగు పసుపుకి మారుతుంది. జేసీ రోడ్డు వైపు గానీ ఇంకెక్కడైనా గానీ ఇది చేసేవాళ్లు మీకు తెలుసా? లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఒత్తిడితో పంపి ఎక్కడ లీకవుతోందో చూడటం) కూడా చేయించాలా? రేడియేటర్ మూత పాడైనా ఇలా ఆగకుండా బుడగలు వస్తాయా?

అమ్మానాన్నల్ని అనంతపురం తీసుకెళ్లాలి. ఈ స్థితిలో హైవే ఎక్కితే హెడ్ వంగిపోతుందేమోనని భయంగా ఉంది. ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి.