అప్‌డేట్: రాత్రిపూట నీళ్ల మీటరు ఎందుకు తిరిగిందో తెలిసింది

రెండు నెలల క్రితం అడిగాను: ఇంట్లో మనుషులు పెరగలేదు, కొత్త వస్తువులేవీ కొనలేదు, అయినా నీటి బిల్లు, కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతున్నాయని. ముందు మీటర్లు చూడమని చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.

పడుకునే ముందు నీళ్ల మీటరు అంకె రాసిపెట్టాను. తెల్లవారేసరికి, ఎవరూ కుళాయి తిప్పకుండానే, 120 లీటర్లు పెరిగి ఉంది! గుండె గుభేలుమంది. మీరు చెప్పినట్టే ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంట ఎవరినీ వాడనివ్వలేదు. రంగు నీళ్లు కమోడ్‌లోకి దిగాయి. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోయింది. చప్పుడు చేయకుండా కారుతుంది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. అది మార్చాక మరుసటి ఉదయం అంకె కదలలేదు. ఆ రోజంతా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కరెంటు సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. టీవీ సెట్‌టాప్ బాక్సు స్విచ్ మేము ఎప్పుడూ ఆపేవాళ్లం కాదు. 10 వాట్లు రోజంతా లాగితే నెలకు 7 యూనిట్లు దాటుతుంది. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి లాగితే ఇట్టే జారి వచ్చింది, అంటే తలుపు గట్టిగా మూసుకోవడం లేదన్నమాట. రబ్బరు అంచును గోరువెచ్చని నీటితో తుడిచాక పట్టు వచ్చింది.

స్నానానికి నీళ్లు కొలిచి ఇవ్వడం మాత్రం మానేశాం. పిల్లలతో రోజూ గొడవే అయింది. ఈ నెల గీజరు ఉష్ణోగ్రత తగ్గించి చూస్తున్నాను.