కాక్‌టెయిల్స్‌తో తిండి చరిత్ర కబుర్లు: లండన్‌లో కొత్తగా దిగినవాడికి సలహా కావాలి

ఇల్ఫర్డ్ నుంచి: అందరికీ నమస్కారం. లండన్ వచ్చి కొన్ని నెలలే అయింది. ఆఫీసు వాళ్ళు కొందరు, మనవాళ్ళు కొందరు కలిపి ఒక శనివారం ఇంటికి పిలిచి, గ్లాసుకో కథ చొప్పున తిండి చరిత్ర చెప్పాలని ఉంది. మన ప్రాంతంతో నిజంగా సంబంధం ఉన్నవి చెప్పండి. ఖర్చుకి తలా ఐదు పౌండ్లు తీసుకుందామనుకుంటున్నా.

ఈస్ట్ హామ్ నుంచి: తమ్ముడూ, కథలు తర్వాత. డ్రింక్‌కి రేటు పెట్టి డబ్బు తీసుకుంటే అది అమ్మకమే, దానికి లైసెన్సు కావాలి, లేదంటే పది వర్కింగ్ డేస్ ముందు కౌన్సిల్‌కి నోటీసు ఇచ్చి 21 పౌండ్లు కట్టాలి. ఎందుకొచ్చిన గొడవ, తలా ఒక సీసా తెచ్చుకోమను. రాత్రి 11 దాటాక సౌండ్ తగ్గించు, పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే కౌన్సిల్ వాళ్ళు ఊరుకోరు.

అన్నిటికంటే ముఖ్యం ఇంటి అద్దె డిపాజిట్. పాత ఫ్లాట్‌లో మేము ఉగాదికి కొందరిని పిలిచాం. ఖాళీ చేసేటప్పుడు ఏజెంటు వచ్చి కార్పెట్ మీద పసుపు మరక ఉంది, కర్టెన్లకి తాలింపు వాసన పట్టింది అని డిపాజిట్‌లో సగానికి పైగా కోసేస్తానన్నాడు. ఆ మరక సోఫా కింద, అరచేయంత, మేము దిగకముందు నుంచీ ఉన్నదే. దిగినరోజే మా ఆయన సోఫా జరిపి మరీ గది గదికీ ఫోటోలు తీసి అదే ఏజెంటుకి మెయిల్ చేసి పెట్టారు. ఏజెంటేమో "మాకు మెయిల్ రాలేదు" అన్నాడు, తర్వాత "వచ్చింది కానీ ఫోటోలు తెరుచుకోలేదు" అన్నాడు. డిపాజిట్ స్కీమ్ (అద్దె డిపాజిట్లు భద్రంగా ఉంచే సంస్థ) వాళ్ళ దగ్గర వివాదం వేశాం, దానికి ఫీజు ఉండదు. ఫోటోల తేదీలు చూసి మొత్తం ఇప్పించారు. నీ డిపాజిట్ కట్టిన 30 రోజుల్లో స్కీమ్‌లో పెట్టారో లేదో ఇవాళే చూసుకో. ఐదు వారాల అద్దె కంటే ఎక్కువ తీసుకోకూడదు.

క్రాయిడన్ నుంచి: అక్కా, ఐదు వారాల రూల్ ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపు ఉంటేనే. పైన ఉంటే ఆరు.

ఈస్ట్ హామ్ నుంచి: ఇల్ఫర్డ్‌లో ఫ్లాట్‌కి అంత అద్దె ఎవరు కడతారు బాబూ.

రెడింగ్ నుంచి: అసలు అడిగినదానికి వద్దాం. మొదటి గ్లాసు పంచ్ (సారాలో పులుపు, తీపి, నీళ్ళు కలిపిన పానీయం) పెట్టు. పంచ్ తాగడం గురించి ఇంగ్లిష్‌లో దొరికిన అతి పాత రాత 1632 సెప్టెంబర్ 28 నాటి ఉత్తరం. రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి పెటపోలిలో ఉన్న వర్తకుడికి రాశాడు. పెటపోలి అంటే మన బాపట్ల జిల్లా నిజాంపట్నం! కంపెనీ ఓడ 1611లోనే అక్కడికి వచ్చింది, తర్వాత మచిలీపట్నం వెళ్ళింది. కొలత తేలికే: పులుపు ఒక వంతు, తీపి రెండు, ఘాటు మూడు, నీళ్ళు నాలుగు. నిమ్మరసం, పంచదార, రమ్. పంచదార బదులు తాటిబెల్లం కరిగించి పోస్తే రంగు కూడా ముదురుగా, బాగా వస్తుంది.

క్రాయిడన్ నుంచి: పంచ్ పుట్టిందే నిజాంపట్నంలో అని మాత్రం చెప్పొద్దు, తెలిసినవాళ్ళుంటే పరువు పోతుంది. ఉత్తరం అక్కడికి వెళ్ళింది, అంతే. గోవా కొబ్బరికల్లు సారాతో ఓడలవాళ్ళు ఎప్పటినుంచి కలుపుకుంటున్నారో!

రెడింగ్ నుంచి: పుట్టింది అని నేను అనలేదు అన్నా, మొదటి రాత అన్నాను. అయినా నిజాంపట్నం పేరు లండన్ హాల్లో వినబడటమే నాకు సంతోషం, మా అమ్మమ్మగారి ఊరు అది.

హౌన్స్‌లో నుంచి: రెండోది జిన్ అండ్ టానిక్. మలేరియా రాకుండా మన దేశంలో తెల్ల సోల్జర్లు తాగేవాళ్ళు కదా, ఆ కథ చెప్పు.

క్రాయిడన్ నుంచి: ఆ కథ అలా చెప్పొద్దు. సోల్జర్లకి క్వినైన్ (మలేరియా మందు) డోసు వేరేగా ఇచ్చేవాళ్ళు. టానిక్ నీళ్ళకి (క్వినైన్ కలిపిన సోడా) 1858లో పేటెంట్ తీసుకున్న ఎరాస్మస్ బాండ్ లండన్ వాడే. జిన్ అండ్ టానిక్ తొలి ప్రస్తావన 1868లో కనిపిస్తుంది, అదీ గుర్రప్పందేల దగ్గర, సరదాకి. టానిక్‌లో ఉండే క్వినైన్ మలేరియాని ఆపదు. మనకి అసలు గర్వంగా చెప్పుకోవలసింది వేరే ఉంది: దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లో, దానికే 1902లో నోబెల్. ఆ ఇల్లు బేగంపేటలో ఇప్పటికీ ఉంది. చెప్పేటప్పుడు లైట్లు ఆర్పి, నోట్లు చెక్ చేసే చిన్న నల్లలైట్ టానిక్ గ్లాసు మీద వెయ్యి. గ్లాసంతా నీలంగా వెలుగుతుంది, అది క్వినైన్ పనే. పిల్లలుంటే కేరింతలు కొడతారు.

హౌన్స్‌లో నుంచి: మా మేనేజర్ ఆ సోల్జర్ కథే చెబుతాడండీ ప్రతిసారీ.

క్రాయిడన్ నుంచి: అయితే సోమవారం 1858 చెప్పండి ఆయనకి.

ఈస్ట్ హామ్ నుంచి: ఆవకాయ ముందు పెట్టి మిరప కథ చెప్పు తమ్ముడూ. మిరప అమెరికా పంట, పోర్చుగీసు వాళ్ళతో 16వ శతాబ్దంలో మన దేశం వచ్చింది. అంతకుముందు కారానికి మిరియాలే. శ్రీనాథుడు పల్నాడు తిండిని అన్ని తిట్లు తిట్టాడు కదా, ఆయన కాలంలో పల్నాట మిరపకాయే లేదు! గుంటూరు వాళ్ళు ఎవరైనా ఉంటే ఒప్పుకోరు, వాదించనీ, సాయంత్రం అలాగే బాగుంటుంది. తాగనివాళ్ళకి పానకం ఉండాలి, బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి. మిరప రాకముందు కారం ఎలా ఉండేదో నాలుకకే తెలుస్తుంది. జ్యూస్ డబ్బాలు పెట్టి వాళ్ళని మూల కూర్చోబెట్టకు, నాకది నచ్చదు.

రెడింగ్ నుంచి: మర్నాడు ఓపికుంటే అందరినీ లండన్‌లోనే ఉన్న జార్జ్ స్ట్రీట్ తీసుకెళ్ళు. 1810లో పట్నా మనిషి దీన్ మహమ్మద్ అక్కడ హిందూస్తానీ కాఫీ హౌస్ (మన వంటల హోటల్) పెట్టాడు, 1812లో దివాలా తీశాడు. గోడ మీద ఆకుపచ్చ ఫలకం ఉంది.

ఇల్ఫర్డ్ నుంచి: అందరికీ చాలా థాంక్స్. వసూలు మానేశాను. మరకల ఫోటోలు ఇప్పుడే తీశాను. పంచ్‌లో ఇంకేమైనా మసాలా పడాలా అన్నా?

రెడింగ్ నుంచి: జాజికాయ. పొడి కొనకు, కాయ కొను, గ్రీన్ స్ట్రీట్ కొట్లలో దొరుకుతుంది. గ్లాసు చేతికిచ్చే ముందు తురుము, కొంచెం చాలు.