బ్రిటన్‌లో 40 డిగ్రీలకే అంత ప్రమాదమా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకుంటోంది. వేసవిలో అక్కడ తరచుగా ఎండ హెచ్చరికలు వస్తున్నాయని, తన గదిలో ఫ్యాను కూడా లేదని చెబుతోంది. రోహిణీ కార్తెలో 45 డిగ్రీలకు అలవాటుపడిన మన బెజవాడవాళ్లకు అదొక ఎండగా తోచదు. ఆ చలి దేశంలో అది ప్రాణాంతకం ఎందుకవుతోంది? వాతావరణ మార్పే దీనికి కారణమా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు):
అమ్మా, మీ ఆందోళన సహేతుకమైనదే. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఆ దేశంలో ఉష్ణోగ్రత 40 దాటడం అదే మొదటిసారి. ఆ వేసవి వడగాడ్పుల రోజుల్లో ఒక్క ఇంగ్లండ్‌లోనే 65 ఏళ్లు పైబడినవారిలో 2,800కు పైగా అదనపు మరణాలు సంభవించాయని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ లెక్కగట్టింది. అక్కడి ఇళ్లను చలికాలంలో లోపలి వెచ్చదనం బయటికి పోకుండా కట్టారు కాబట్టి, జులైలో రాత్రి తొమ్మిది దాటేదాకా పడమటి కిటికీలోంచి పడే ఎండ గదిలోనే నిలిచిపోయి, తెల్లవారేవరకు ఒంటికి ఉపశమనం దొరకదు. రైలు పట్టాలను సైతం 27 డిగ్రీల దగ్గర ఒత్తిడి లేకుండా ఉండేలా బిగిస్తారు. ఎండలో పట్టా గాలికంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కి వంగే ప్రమాదం ఉన్నందున ఆ రోజుల్లో రైళ్ల వేగం తగ్గిస్తారు.

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ):
రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. అన్ని విపత్తులనూ ఒకే గాటన కట్టడం సరికాదు. ఎండ విషయంలో సందేహం లేదు: 2022 నాటి ఆ వేడికి అవకాశం మానవ చర్యల వల్ల కనీసం పది రెట్లు పెరిగిందని శాస్త్రవేత్తలు తేల్చారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కనుక కుంభవృష్టి విషయంలోనూ ఆధారం బలంగానే ఉంది. శీతకాలపు పెనుగాలులు పెరిగాయనడానికి మాత్రం అక్కడి కొలతల్లో స్పష్టమైన ధోరణి కనిపించలేదు. ఈ తేడాను పత్రికలు తరచూ విస్మరిస్తున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి అమ్మాయికి ఏం జాగ్రత్తలు చెప్పమంటారు?

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు):
పగలు కిటికీలు మూసి తెరలు వేయమనండి, బయట చల్లబడ్డాక తెరవమనండి. ఒక చిన్న టేబుల్ ఫ్యాను వేసవికి ముందే కొనుక్కుంటే మంచిది. అంతకంటే ముఖ్యంగా, వరద ముప్పు దృష్ట్యా, గది నేల అంతస్తులో ఉందేమో, లీడ్స్ మీదుగా పారే ఏర్ నదికి ఎంత దూరమో అడగండి. 2015 డిసెంబరు 26న ఆ నది పొంగి ఆ ఊళ్లోని కిర్క్‌స్టాల్ రోడ్డును ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్‌నగర్‌ను ముంచడం చూసిన మనకు దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వరద హెచ్చరికలను అక్కడి ప్రభుత్వం ఉచితంగానే ఫోనుకు పంపుతుంది. అమ్మాయిని ఈ వారమే నమోదు చేసుకోమనండి.