కొత్త కారులో కురిడీకాయ చప్పుడు, పెద్దలు కాస్త చెప్పండి

అమలాపురం – డెట్రాయిట్
నమస్కారం అండి. నేను అమలాపురం నుంచి ఇక్కడికి, అమెరికాకి వచ్చి ఏడు నెలలైంది. మూడు వారాల కిందట కొత్త కారు తీసుకున్నాను, ఇప్పటికి 640 మైళ్ళు తిరిగింది. రెండు ఇబ్బందులు. వెనక కుడివైపు ఎక్కడో చిన్న చప్పుడు. కురిడీకాయ ఊపితే లోపల కొబ్బరి లొడలొడలాడుతుంది చూడండి, అచ్చం అదే. గతుకుల్లోనే వస్తుంది. రెండోది, వేగం 60 దాటాక స్టీరింగు సన్నగా వణుకుతుంది, 70 దాటితే తగ్గుతుంది. నాన్నగారికి ఫోన్లో చెబితే "కొత్త బండికి చప్పుడేంట్రా, నిన్నెవరో మోసం చేశారు" అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్. డీలరు దగ్గరికెళ్తే ఇంత చిన్నదానికా అని నవ్వుతారేమో.

నరసాపురం – హ్యూస్టన్
బాబూ, అసలు కొత్త కారు ఎందుకు కొన్నావు? వచ్చిన ఏడాదిలోపు కొత్త బండి కొనకూడదని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. 1998లో నేను వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళ పాత బండి కొని మరో పదకొండేళ్ళు తోలాను. నువ్వు వడ్డీ ఎంతకి తీసుకున్నావో రాయలేదు. సరే, అయిందేదో అయింది. కంగారు పడకు. పదిహేను రోజుల్లో నచ్చకపోతే కారు వెనక్కి ఇచ్చెయ్యొచ్చని చట్టం ఉంది. నాకు బాగా తెలుసు. నీకు కాస్త దాటింది కానీ గట్టిగా అడిగితే ఇస్తారు.

తణుకు – సియాటిల్
తమ్ముడూ, ముందు కారంతా ఖాళీ చెయ్యి. గ్లవ్ బాక్సు, కళ్ళజోడు పెట్టుకునే అర, తలుపుల జేబులు, చిల్లర పడేసే గుంట, అన్నీ. వెనక సీట్లో ఎవరూ లేనప్పుడు సీటు బెల్టు కొక్కెం పక్కనున్న ప్లాస్టిక్‌కి తగిలి టకటకలాడుతుంది. మేం నెల రోజులు వెతికింది ఆ కొక్కేన్నే! డిక్కీలో కార్పెట్ ఎత్తి జాకీ, పానాలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడు. నంబరు ప్లేటు వేలితో కొట్టి చూడు. పిల్లల సీటు ఉంటే తీసి చూడు.

తర్వాత ఏసీ ఫ్యాను, పాటలు ఆపి, అద్దాలు ఎత్తి, గతుకుల వీధిలో 15 మైళ్ళ వేగంతో ఇంకొకరిని తోలమని నువ్వు వెనక కూర్చో. ఒక్కో ప్లాస్టిక్ ముక్కనీ అరచేత్తో నొక్కు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో చప్పుడు అక్కడే. ఫోన్లో రికార్డు చేసి పెట్టుకో. తోలేవాడే వెతకాలంటే కుదరదు, మా వారు అలా చెవి తిప్పబోయి చెత్త డబ్బా గుద్దారు.

పాలకొల్లు – న్యూజెర్సీ
నరసాపురం మాస్టారూ, క్షమించాలి. ఆ పదిహేను రోజుల చట్టం లేదు. మీరనేది మూడు రోజుల కూలింగ్ ఆఫ్ రూలు (మనసు మారితే కొన్నది రద్దు చేసుకునే గడువు) అయ్యుండాలి. అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ళ లాంటి అమ్మకాలకి. డీలరు షాపుకి వెళ్ళి కొన్న కారుకి వర్తించదు. ఇంకోటి లెమన్ లా. ఎన్నిసార్లు బాగుచేసినా లోపం పోని కొత్త బండిని ఇక్కడ లెమన్, అంటే నిమ్మకాయ అంటారు. ఐనవిల్లి వినాయకుడి ముందు మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం, ఇక్కడ బండే నిమ్మకాయ అయితే చట్టం వస్తుంది. అది రాష్ట్రానికో రకం. మా న్యూజెర్సీలో మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్ళలోపు, ఒకే లోపానికి మూడుసార్లు రిపేరు చేసినా పోకపోవాలి, లేదా బండి మొత్తం 20 రోజులు షాపులో పడుండాలి. అదీ బండి వాడకానికో, విలువకో, భద్రతకో గట్టిగా దెబ్బ కొట్టే లోపమై ఉండాలి. కురిడీకాయ చప్పుడుకి రాదు.

నా సంగతి చెబుతాను, పెద్దదే, ఓపిక చేసుకోండి. నాకు కొత్త కారు డ్యాష్‌బోర్డులో కీచు చప్పుడు. చలి పొద్దుల్లో మాత్రమే, మొదటి పది నిమిషాలు. మొదటిసారి వెళ్తే పదకొండు గంటలకి రమ్మన్నారు. అప్పటికి బండి వేడెక్కింది, చప్పుడెక్కడిది? కౌంటరులో కుర్రాడు నవ్వుతూ "అంతా బాగానే ఉంది సార్" అని పంపేశాడు. కాగితం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. రెండోసారీ అంతే. మూడోసారి నేను గొడవ పెట్టుకున్నాను. డ్యాష్‌బోర్డు విప్పారు. నాలుగు రోజులు ఉంచుకున్నారు. తిరిగొచ్చేసరికి పాత చప్పుడు అలాగే ఉంది, కొత్తది ఇంకోటి చేరింది, పైన గోరంత గీత కూడా. అప్పుడు పై కంపెనీకి ఫోన్ చేస్తే "మీరు అంతకుముందు వచ్చినట్టు రికార్డే లేదు" అన్నారు. చూడండి, రెండుసార్లు పని మానుకుని వెళ్ళినవాణ్ణి, కాగితం మీద నేను వెళ్ళనేలేదు!

చివరికి ఒక పెద్ద వయసు మెకానిక్ నన్ను పక్కకి పిలిచి, బండి రాత్రికి ఇక్కడే బయట వదిలేసి పొద్దున్నే ఏడింటికి రా, నేను పక్కన కూర్చుంటాను అన్నాడు. రెండు వీధులు తిరిగాం. ఆయన గ్లవ్ బాక్సు వెనక చెయ్యి పెట్టాడు, వైర్ల ప్లగ్గు ఒకటి గాలి గొట్టానికి రాసుకుంటోంది. చలికి ప్లాస్టిక్ ముడుచుకున్నప్పుడు సందు మారి తగులుతోందట. గుడ్డ టేపు నాలుగు చుట్లు చుట్టాడు. ఇరవై నిమిషాల పని. ఆ గీత మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుకని తమ్ముడూ, ప్రతిసారీ నీ మాటల్లోనే ఫిర్యాదు రాయించి, రిపేరు ఆర్డరు కాపీ తీసుకో. "ఏమీ కనబడలేదు" అని రాసినా సరే, తేదీ, మైళ్ళు అందులో ఉంటాయి. వారంటీ పుస్తకం కూడా చదువు. మామూలు వారంటీ చాలావాటికి 3 ఏళ్ళు, 36,000 మైళ్ళు ఉన్నా, ఇలాంటి చప్పుళ్ళకి కొన్ని కంపెనీలు మొదటి 12 నెలలు లేదా 12,000 మైళ్ళే ఇస్తాయి. తర్వాత చూద్దాంలే అనుకోకు.

రాజోలు – డల్లాస్
అందరూ చట్టాల్లో పడ్డారు, స్టీరింగు వణుకు సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక వేగంలో వచ్చి, ఆ పైన తగ్గితే చాలామట్టుకు వీల్ బ్యాలెన్స్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేకపోవడం. స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే అది వేరే కథ, డిస్కులు చూడాలి. పొద్దున్నే వచ్చి పది మైళ్ళలో పోతే రాత్రంతా చలిలో నిలబడి టైరు అడుగు చదునైందని అర్థం, దానికి వైద్యం అక్కర్లేదు.

ముందు టైర్ల గాలి చూడు. కొత్త బండి లారీల మీద వచ్చేటప్పుడు గాలి ఎక్కువ కొట్టి పంపుతారు, కొన్నిచోట్ల దించకుండానే తాళాలు ఇచ్చేస్తారు. డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరు ఉంటుంది, బండి చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె ఉండాలి. టైరు మీద రాసిన అంకె కాదు, అది గరిష్ఠం. ఇక సిమెంటు హైవే మీద ధనధన అంటే అది రోడ్డు చప్పుడు. రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన మీద జాయింట్లు దాటుతుంటే ఎవరి కారైనా అంతే కదా.

నరసాపురం – హ్యూస్టన్
ఆ వంతెన 1974లో వచ్చింది. మేం అంతకుముందు లాంచీ మీద దాటినవాళ్ళం. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) మీదకి కారెక్కించి చూడు, అప్పుడు తెలుస్తుంది వణుకంటే. చప్పుడుకి ఏముంది, తుప్పు వదిలించే స్ప్రే ఒకటి తలుపు రబ్బర్లకి కొట్టమను.

పాలకొల్లు – న్యూజెర్సీ
మాస్టారూ, దయచేసి రబ్బరుకి ఆ నూనె స్ప్రే చెప్పకండి, ఉబ్బి పాడవుతుంది. రబ్బరుకి సిలికోన్ గ్రీజే.

నరసాపురం – హ్యూస్టన్
ఇరవై ఏళ్ళుగా కొడుతున్నాను. నా రబ్బరు ఉబ్బలేదు.

తణుకు – సియాటిల్
ఇద్దరూ ఆపండి, ఆ అబ్బాయి చప్పుడు తలుపులోంచి కాదు.

రాజోలు – డల్లాస్
ఒక్క మాట తమ్ముడూ. వణుకు ఉన్నట్టుండి పెరిగితే మాత్రం వాయిదా వెయ్యకు, పక్కకి ఆపి చక్రాల నట్లు చూడు. నీ బండి 17 అక్షరాల నంబరు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఇక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్లో కొడితే రీకాల్, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీ బళ్ళని వెనక్కి పిలవడం, ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. నీ మోడలు మీద కంపెనీ డీలర్లకి పంపిన సర్వీసు బులెటిన్లు కూడా అక్కడే దొరుకుతాయి. ఉంటే ప్రింటు తీసుకుని వెళ్ళు, ఎవరూ నవ్వరు.

అమలాపురం – డెట్రాయిట్
అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. అక్క చెప్పినట్టే మా రూమ్మేటుని తోలమని నేను వెనక కూర్చున్నాను. డిక్కీ అడుగున జాకీ మర వదులు, చేత్తో తిప్పి బిగించాను, కురిడీకాయ పోయింది. గాలి నాలుగు టైర్లలోనూ 44 ఉంది, స్టిక్కరు మీద 35! దించాక గతుకులు మెత్తబడ్డాయి కానీ వణుకు పోలేదు. డీలరు దగ్గర రాయించాను. ముందు ఎడమ చక్రం బ్యాలెన్స్ తప్పిందని చేసి ఇచ్చారు, డబ్బులు అడగలేదు. కాపీ ఫైల్లో పెట్టాను. ఇంకో సన్న కిచకిచ పైకప్పులో ఉంది, చలి ఎక్కువున్న పొద్దుల్లో. దాన్ని ప్రస్తుతానికి వదిలేశాను.

నరసాపురం – హ్యూస్టన్
శుభం. ఇక మంచు టైర్లు కొను. ముందు రెండిటికీ వేస్తే చాలు.

పాలకొల్లు – న్యూజెర్సీ
చాలదు. నాలుగూ వెయ్యాలి, లేకపోతే వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. మార్చాక యాభై, వంద మైళ్ళకి నట్లు మళ్ళీ బిగించి చూసుకో. మంచు చక్రం లోపల గడ్డకట్టినా స్టీరింగు వణుకుతుంది, కంగారు పడకుండా కడిగెయ్. అయినా మాస్టారూ, హ్యూస్టన్‌లో మీరు మంచు ఎప్పుడు చూశారు?

నరసాపురం – హ్యూస్టన్
2021 ఫిబ్రవరిలో. ఇంట్లో కరెంటు లేదు, బయట రోడ్డు మీద కారులో కూర్చుని ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నాం. పాత కారే. ఒక్క చప్పుడు లేదు.