పిగ్మీ కుందేళ్ళ కంచెల్లో కాక్సీడియా ఎందుకంత ముదురుతుంది?

అడవిబాట
అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని కొలంబియా బేసిన్ పిగ్మీ కుందేళ్ళ మీద సెమినార్‌కి రాసుకుంటున్నాను. అర కిలో తూగే ప్రాణి, చలికాలంలో దాదాపు సేజ్‌బ్రష్ (అక్కడి పొడి నేలల్లో పెరిగే పొద) ఆకే దాని తిండి. 2001లో మిగిలినవాటిని పట్టి పెంచడం మొదలుపెట్టారు. 2008కల్లా స్వచ్ఛమైన సంతతి ముగిసిపోయింది. ఇప్పుడున్నవి ఇడాహో కుందేళ్ళతో కలిపి పెంచినవి. 2011 నుంచి సేజ్‌బ్రష్ నేలలోనే పెద్ద కంచెలు కట్టి పెంచి వదలడం మొదలుపెట్టారు. ఆ కంచెల్లో పిల్లల్ని కాక్సీడియా (పేగులో పెరిగే, కంటికి కనబడని పరాన్నజీవి) బాగా దెబ్బతీసింది.
అడవిలోనూ ఉండే పరాన్నజీవి కంచెలోకి వచ్చేసరికి ఎందుకు చంపుతోంది? కుందేళ్ళు తమ మెత్తటి పెంటికల్ని తామే తింటాయి కదా, అలా మళ్ళీ మళ్ళీ సోకుతోందా? జంతువుని పట్టకుండా పెంటికలతోనే తీవ్రత తెలుసుకోవచ్చా?

పశువైద్య_గది
మెత్తటి పెంటికల మీద అనుమానం చాలామందికి ఉంటుంది కానీ దారి అది కాదండీ. పేగులోంచి బయటపడే ఊసిస్ట్ (కాక్సీడియా గుడ్డులాంటి దశ) పచ్చిది, అప్పుడే మింగినా సోకదు. గాలి, తడి, వెచ్చదనం దొరికితే 1 నుంచి 4 రోజుల్లో లోపలి ముద్ద విడిపోయి 4 స్పోరోసిస్టులు (గింజల్లాంటి సంచులు), ఒక్కోదానిలో 2 స్పోరోజాయిట్లు (పేగులోకి చొరబడే కణాలు) తయారవుతాయి. సోకేది ఆ పండిన ఊసిస్టే. మెత్తటి పెంటికని కుందేలు నేల తాకనివ్వకుండా నోటితోనే అందుకుంటుంది, పండే వ్యవధే ఉండదు. దారి నేల, నేలకి తగిలిన ఆకు, బొరియ వాకిట్లో పేరుకున్న గట్టి పెంటికలు.
మన కోళ్ళ ఫారాల్లో రక్తపారుడు (కోళ్ళకి వచ్చే కాక్సీడియా జబ్బు) చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. లిట్టర్ (కోళ్ళ కింద పరిచే పొట్టు) తడిసిందంటే వారంలో పిల్లలు ముడుచుకుని కూర్చుంటాయి. అలాగని కోళ్ళది కుందేళ్ళకి అంటదు, ఐమీరియాలో (ఈ కాక్సీడియా ప్రజాతి పేరు) ఒక్కో జాతికి ఒక్కో ఆతిథేయి, అంటే అది బతికే జంతువు. పిగ్మీ కుందేలుకి జబ్బు చేసే ఐమీరియా బ్రాకీలేజియాని 2005లో వేరే జాతిగా వర్ణించారు.
చంపేది మోతాదు. కొన్ని ఊసిస్టులు మింగిన పిల్లకి రోగనిరోధక శక్తి వస్తుంది. ఒకేసారి వేలల్లో మింగితే పేగు పొర ఊడిపోతుంది. విడి అడవిలో కుందేలు చోటు మారుతుంది, పెంటికలు పలచగా పడతాయి. కంచెలో ఏళ్ళ తరబడి అదే బొరియ, అదే పొద. తల్లికి జబ్బు కనబడదు, ఊసిస్టులు మాత్రం విడుస్తూనే ఉంటుంది. పాలు మానే వయసు పిల్ల సరిగ్గా ఆ నేల మీదే మొదటి ఆకు కొరుకుతుంది. పైగా ఈ సంతతిలో దగ్గరి రక్తసంబంధం ఎక్కువ. పెంపకంలో ఉన్నవాటిలో మైకోబాక్టీరియం ఏవియం (క్షయ కుటుంబపు బాక్టీరియా) మరణాలు కూడా చాలా నమోదయ్యాయి, కాబట్టి రోగనిరోధక శక్తినీ లెక్కలోకి తీసుకోవాలి.

స్లైడ్_పరిశీలన
మూడో ప్రశ్నకి: కుదురుతుంది, కానీ ఒక్కో కుందేలుకి కాదు, ఒక్కో కంచెకి లెక్క పెట్టండి.
సాయంత్రం బొరియ వాకిలి ఊడ్చి, పొద్దున్నే పడ్డ తాజా పెంటికలు ఏరాలి. మెక్‌మాస్టర్ స్లైడుకి (గుడ్లు, ఊసిస్టులు లెక్కపెట్టే గదులున్న స్లైడు) మామూలుగా 4 గ్రాములు 56 మి.లీ. సంతృప్త ఉప్పునీళ్ళలో కలుపుతారు. ఇంత చిన్న జంతువు దగ్గర అంత దొరక్కపోతే 1 గ్రాముకి 14 మి.లీ., నిష్పత్తి అదే. బాగా నలిపి, వడగట్టి, 0.15 మి.లీ. గదులు రెండూ నింపి, 5 నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. రెండు గదుల్లో కనబడ్డవి కలిపి 50తో గుణిస్తే గ్రాముకి ఎన్నో వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఉప్పు లాగేసి ఊసిస్టులు ముడతలు పడతాయి, లెక్క తప్పుతుంది.
పచ్చి ఊసిస్ట్ పల్చటి పెంకులో ఒక గుండ్రటి ముద్దలా ఉంటుంది. పండినదాంట్లో నాలుగు గింజలు విడివిడిగా కనబడతాయి. జాతి గుర్తుపట్టాలంటే పండించాలి: 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్‌లో, పెట్రీ డిష్‌లో పల్చగా పరిచి, గది వేడిలో వారం. సీసా నిండా పోసి బిగిస్తే గాలి అందక పండవు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. డైక్రోమేట్ విషం, చేతి తొడుగులు తప్పనిసరి. ఫార్మలిన్‌లో వేశారంటే చచ్చిపోతాయి, ఇక పండవు.
ఒక్కసారి వచ్చిన సంఖ్య చూసి నిర్ణయానికి రాకండి. ఊసిస్టులు బయటికి రాకముందే పేగు దెబ్బతిని పిల్ల చనిపోవచ్చు. పెంటికల్లో సున్నా, పేగులో నిండుగా. అందుకే చనిపోయిన ప్రతి పిల్లకీ శవపరీక్ష చేయించి పేగు గోడ గీకి చూడాలి. వారం వారం అదే కంచెలో సంఖ్య పెరుగుతోందా అన్నదే అసలు సమాచారం.

పశువైద్య_గది
మందుల సంగతి కూడా. పెంపుడు కుందేళ్ళకి టోల్ట్రాజురిల్ అనే కాక్సీడియా మందు తాగే నీళ్ళలో 25 పీపీఎం (లీటరుకి 25 మి.గ్రా.), 2 రోజులిచ్చి, 5 రోజులాగి మళ్ళీ 2 రోజులు ఇస్తారు. పచ్చి ఆకు తినే అడవి కుందేలు నీళ్ళ గిన్నె దగ్గరికి ఎంత వస్తుందో చెప్పలేం, మోతాదు అందదు. నోట్లో పోయాలంటే ద్రావణం బాగా క్షారం, పలచన చేయకుండా పోస్తే నోరు పుండవుతుంది. పట్టడం వల్ల వచ్చే బెదురుతోనే ఊసిస్టులు ఎక్కువవుతాయి కూడా. కోళ్ళ దాణాలో కలిపే నారాసిన్, మదురామైసిన్ అనే కాక్సీడియా మందులు కుందేళ్ళకి ప్రాణాంతకం, ఆ దాణా బస్తా ఆ ఛాయలకే రానివ్వకూడదు.
బ్లీచింగ్‌తో ఊసిస్ట్ చావదు. బోనులు, గిన్నెలు మరిగే నీళ్ళతోనో ఆవిరితోనో కడగాలి. నేలని మాత్రం ఎవరూ శుభ్రం చేయలేరు, వదిలేసి జరగడమే. అందుకే అక్కడ పెద్ద శాశ్వత కంచెల నుంచి చోటు మార్చగల చిన్న కంచెలకి మళ్ళారు. దానివల్ల కొరికేసిన సేజ్‌బ్రష్ కూడా కోలుకుంటుంది. పిల్లల్ని ఆలస్యం చేయకుండా బయటికి పంపడం మందుకన్నా మేలు.

అడవిబాట
అస్సాం మానస్ నేషనల్ పార్కులోని హిస్పిడ్ హేర్‌కి (గరుకు బొచ్చున్న అరుదైన చెవులపిల్లి) ఇదే పద్ధతి పనికొస్తుందా? అక్కడ సర్వేలు ఎలాగూ పెంటికలతోనే చేస్తారు.

స్లైడ్_పరిశీలన
లెక్క పద్ధతి అదే. చిక్కు ఎక్కడంటే, మామూలు చెవులపిల్లి తిరిగే చోట పెంటిక ఎవరిదో ముందు తేలాలి, లేకపోతే దాని ఐమీరియాని దీనికి అంటగడతాం. ఒకే కుప్పని రెండుగా పంచండి. డీఎన్‌ఏకి ఆల్కహాల్‌లో సగం, పండించడానికి డైక్రోమేట్‌లో సగం. రెండు సీసాలకీ ఒకే నంబరు, పెన్సిల్‌తో రాయండి. ఆల్కహాల్ ఒలికితే పెన్ను రాత చెరిగిపోతుంది.