సిల్డెనాఫిల్ బెటరా, టాడలాఫిల్ బెటరా?

కూకట్‌పల్లి కుమార్: షుగర్ వచ్చాక అంగస్తంభన తగ్గింది. డాక్టర్ సిల్డెనాఫిల్ 50 ఎంజీ రాశారు. మెడికల్ షాపాయనేమో టాడలాఫిల్ పవర్ ఎక్కువ, 36 గంటలు పనిచేస్తుంది అంటున్నాడు. మార్చమంటారా?

ఉప్పల్ బావ: మార్చెయ్ అన్నా. సిల్డెనాఫిల్‌తో నాకు తలనొప్పి తప్ప ఒరిగిందేం లేదు. ఇప్పుడు రోజూ టాడలాఫిల్ 5 ఎంజీ గోలి. గడియారం చూసుకునే టెన్షన్ లేదు.

మలక్‌పేట ఫార్మసిస్ట్: 36 గంటలంటే అంతసేపూ అలాగే నిలబడి ఉంటుందని కాదు బాబూ! ఆలోపు కోరిక కలిగితే మందు సాయపడుతుంది, అంతే. రెండూ పీడీఈ5 అనే ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి, అందువల్ల రక్తనాళాలు వదులై రక్తం బాగా చేరుతుంది. పవర్‌లో పెద్ద తేడా లేదు, తేడా అంతా టైంలోనే. సిల్డెనాఫిల్ గంట ముందు వేసుకోవాలి, నాలుగైదు గంటలు పనిచేస్తుంది. మనవాళ్లు రాత్రి పదింటికి మటన్ బిర్యానీ, పైన డబుల్ కా మీఠా లాగించి మాత్ర మింగుతారు. పొద్దున్నే "డూప్లికేట్ సరుకు అంటగట్టావ్" అని నా కౌంటర్ మీదికొస్తారు. కొవ్వు ఎక్కువున్న భోజనం పైన వేసుకుంటే సిల్డెనాఫిల్ ఒంటికి పట్టడానికి ఇంకో గంట పడుతుంది. టాడలాఫిల్‌కు ఆ పేచీ లేదు గానీ, కొందరికి నడుంనొప్పి వస్తుంది.

అది సరే, కుమార్ గారూ, గుండె మందులేమైనా ఉన్నాయా?

కూకట్‌పల్లి కుమార్: ఛాతీలో పట్టేసినట్టుంటే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ ఇచ్చారు. ఎప్పుడో గానీ వాడను.

మలక్‌పేట ఫార్మసిస్ట్: ఎప్పుడో వాడినా వాడినట్టే. అయితే మీకు సిల్డెనాఫిల్, టాడలాఫిల్ రెండూ వద్దు. వాటిలో ఏది సార్బిట్రేట్‌తో కలిసినా బీపీ దభాలున పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ ముట్టకూడదు. మీ షాపాయన గొప్పగా చెప్పిన 36 గంటలే మీకు గండం. ఈ సంగతి డాక్టర్‌కు చెప్పారా?

కూకట్‌పల్లి కుమార్: లేదండీ. ఇది రాసింది షుగర్ డాక్టర్. గుండెకు చూసేది వేరే ఆయన. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంటే గుండె ఆయన దగ్గర ఈ మాటెలా ఎత్తను?

మలక్‌పేట ఫార్మసిస్ట్: ఆవిడను కాసేపు బయట కూర్చోమని మీరే అడగండి, లేదా రెండు చీటీలూ ఆయన ముందు పెట్టండి, చూసి ఆయనే అర్థం చేసుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య గుండెజబ్బుకు ముందస్తు సూచన కూడా కావచ్చు, ఆయనకు తెలియాల్సిందే.

ఉప్పల్ బావ: నేను ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నా. నాకేం కాదుగా?

మలక్‌పేట ఫార్మసిస్ట్: లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? దానితో కలిస్తే కూడా బీపీ తగ్గొచ్చు. అసలు ఆ 5 ఎంజీ నీకు ఎవరు రాశారు బావా?

ఉప్పల్ బావ: ఎవరూ రాయలే. ఫ్రెండ్ చెప్పిండు.